ఎవరు గెలిచారని అడిగితే

మా వీధికి ఒక గట్టు రివేరా, ఒక గట్టు లివ్రమెంతో.
ఇటు ఉరుగ్వే, అటు బ్రెజిల్.
నడుమ గేటు లేదు, జవాను లేడు,
ఎండకి వెలిసిన సరిహద్దు రాయొకటి ఉంది,
దానికి ఆనుకుని మా మరిది పుచ్చకాయలు అమ్ముతాడు.
నేను బట్టలు కుడతాను. రెండు వైపులకీ.

మార్చి వచ్చిందంటే నా మిషన్‌కి ఊపిరాడదు.
ఇటు బడికి తెల్ల అంగీ, మెడ దగ్గర నీలి రిబ్బను ముడి.
డాక్టరు కొడుకైనా, కసాయి కొట్టు కూతురైనా
అదే తెలుపు, అదే నీలం.
గంజి సరిగా పట్టకపోతే ఆ ముడి
తడిసిన పిచ్చుకలా వేలాడుతుంది.
అటు బడికి ఇంత తంతు లేదు,
వాళ్లిచ్చిన టీషర్టు వేసుకుని పరిగెత్తడమే.
చంకలో చిరిగితే మాత్రం నా దగ్గరికే వస్తుంది.

నా కూతురు సెలెస్తే ఇటు బడి,
అక్క కొడుకు జాందిర్ అటు బడి.
దానికి పొద్దున్న, వాడికి మధ్యాహ్నం.
దానికి సర్కారు ఒక బుల్లి కంప్యూటరు ఇచ్చింది,
వాడికి బడిలో వేడివేడి అన్నం, చిక్కుడు గింజల పులుసు.
వాడి కళ్లు దీని ఒళ్లోని తెర మీద,
దీని ముక్కు వాడి చొక్కాకంటిన పులుసు వాసన మీద.

ఇంట్లో మేం మాట్లాడేది ఏ బడికీ పట్టని భాష.
సగం స్పానిష్, సగం పోర్చుగీసు,
ఎక్కడ అతుకు పడిందో నాకే తెలియదు, నేను దర్జీని.
ఇక్కడి టీచరు ఒక సగానికి ఎర్రగీత కొడుతుంది,
అక్కడి టీచరు రెండో సగానికి.
నోట్‌బుక్కులు పక్కపక్కన పెడితే
మా మాట మొత్తం తప్పే.

ఒక గురువారం సెలెస్తేకి జ్వరం. అదే రోజు చరిత్ర పరీక్ష.
నేను కొలతలకని వెళ్లి వచ్చేలోగా
జాందిర్ దాని అంగీ తొడుక్కుని, ముడి బిగించుకుని,
దాని బెంచీలో కూర్చుని వచ్చాడు.
మాయెస్త్రా సుల్మా ముందు ముడిని చూసిందట,
తరవాత చెవుల్ని చూసిందట,
హాజరు వేసి కిటికీ వైపు తిరిగిందట.

ప్రశ్న ఇది: ఇతుసాయింగో యుద్ధంలో ఎవరు గెలిచారు?
పాపం, వీడికి ఆ పేరే తెలియదు.
ఏడాది చూసి పోల్చుకున్నాడు, పద్దెనిమిది వందల ఇరవై ఏడు,
"ఓహో, పాసో దో రోసారియో!" అని
తన పుస్తకంలో ఉన్నదే రాశాడు:
ఎవరూ గెలవలేదు, మావాళ్లు వెనక్కి తగ్గారు.

కాగితం ఇంటికి వచ్చింది.
పైన సెలెస్తే పేరు, కింద ఎర్ర సిరా.
పక్కన చిన్న అక్షరాల్లో:
"మావాళ్లు అంటే ఎవరమ్మా?"

దుప్పట్లోంచి లేచి అది వాడి జుట్టు పట్టుకుంది,
"నా యుద్ధం ఓడగొట్టావురా!"
"ఓడలేదే, వెనక్కి తగ్గాం!"
రెండు పుస్తకాలూ నా కత్తెర బల్ల మీదికి వచ్చాయి.
దాని పుస్తకంలో ఎనిమిది పేజీలు, గుర్రం మీద బొమ్మ.
వాడి దాంట్లో ఒక పేరా,
అందులోనూ సగం చక్రవర్తి గారి పెళ్లాం పిల్లల సంగతి.
"నువ్వు చెప్పమ్మా," అంది ఇది.
"నువ్వు చెప్పు పిన్నీ," అన్నాడు వాడు.
నేను చదివింది నాలుగో తరగతి.
నోట్లో గుండుసూదులున్నాయి కాబట్టి సరిపోయింది.

అప్పుడే ప్యాంటు అంచు మడిపించుకోడానికి
వల్దోయిర్ వచ్చాడు, ఆ రోసారియో వైపు మనిషి,
బస్సులో రెండు గంటల దూరం.
పిల్లలు వాణ్ణి బల్ల ఎక్కించినంత పని చేశారు:
"ఆ మైదానం చూశావా? ఎవరు గెలిచారు?"

వాడు ఒక కాలు ఎత్తి, అంచు చూసుకుని,
"అక్కడా? ఇప్పుడు సోయా వేశారు," అన్నాడు.
"ఈ యేడు ధర బాలేదు.
అమ్మా, ఎడమ కాలు కొంచెం పొట్టి చెయ్యి."